ఊరి పేరా, రకం పేరా?

నా మీద ఒక మాట బరువు ఉంది. ఒకటే మాట. అది తెలుగు మాట కూడా కాదు. నోటితో ఒకసారి అన్నాను, చేత్తో ఒకసారి రాశాను. అంతే. కానీ ఈ నలభై ఏళ్ళలో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నా, మనుమరాలికి జడ వేస్తున్నా, ఆ మాట వచ్చి నా పక్కన కూర్చుంటుంది. దాన్ని పొమ్మనలేను. ఎవరికీ చూపించలేను.

మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి. సిద్దిపేటలో మా ఇల్లు ఇదీ అని గుర్తుపట్టేవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురు బతికే ఉన్నారు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే రాయగలుగుతున్నాను. మీ ముఖం ఎదురుగా ఉంటే మళ్ళీ అబద్ధమే ఆడతానేమో. నాకది బాగా వచ్చు.

మా యారాలి పేరు లచ్చవ్వ. పుస్తకాల్లో తోడికోడలు అని రాస్తారు గాని మా దిక్కు యారాలే అంటాం. నేను పెద్దకోడలిని, ఆమె చిన్నకోడలు. మా మామకు బజారులో చిన్న కిరాణా దుకాణం ఉండేది, దాని వెనకే ఇల్లు. నేను సిద్దిపేటలోనే పుట్టాను. మా బాపు కచ్చేరిలో రాతపని చేసేవాడు. అన్నలతో పాటు నన్నూ కూర్చోబెట్టి తెలుగుతో పాటు ఉర్దూ అక్షరాలు కూడా నేర్పాడు. ఆ రోజుల్లో ఆడపిల్లకు అది పెద్ద సంగతి. నేను అత్తగారింట్లో అడుగు పెట్టినప్పుడు ఈ చదువు చూసి అందరూ నోరు తెరుస్తారనుకున్నాను. ఎవరూ తెరవలేదు. పిండి జల్లెడ పట్టమన్నారు.

రెండేళ్ళ తర్వాత లచ్చవ్వ వచ్చింది. హుస్నాబాద్ దారిలో పోతే పొలాల నడుమ ఎర్రకుంట అని చిన్న ఊరు, అక్కడి పిల్ల. అక్షరం ముక్క రాదు. నోట్లో నాలుక లేని మనిషి. కానీ ఆమె చేతిలో ఏదో ఉంది. ఏముందో నాకు ఈరోజుకీ తెలియదు. వచ్చిన మొదటి చలికాలమే సకినాలు చుట్టింది. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, తెల్లటి బట్ట మీద వేళ్ళతో మెలి తిప్పుతూ చుట్టు మీద చుట్టు వేయడం ప్రతి ఇంటి ఆడవాళ్ళూ చేసేదే. నేనూ చేసేదాన్ని. మేమందరం కుడి వైపుకు చుడతాం. లచ్చవ్వ ఎడమ వైపుకు చుట్టింది. ఎర్రకుంటలో అందరూ అట్లాగే చుడతారట. ఎడమ చుట్టు, సన్నటి మెలి, ఒక చుట్టు ఎక్కువ. వేయించేటప్పుడు రంగు మారకముందే తీసేస్తారు. పాల తెలుపు. నోట్లో వేసుకుంటే కరకరమని విరిగేవి.

అత్త వాటిని చూసి, నావి చూసి, ఒక మాట అన్నది. "చిన్నదానియి సుట్టాలకు పంపుదాం. నీయి ఇంట్ల తినెతందుకు ఉండనీ బిడ్డా." బిడ్డా అనే అన్నది, ప్రేమగానే. అదే ఇంకా మండింది. తిట్టినా బాగుండు.

అప్పటి నుంచి ప్రతిసారీ అంతే. ఆమెవి గంపలో పైన బట్ట కప్పుకొని ఊళ్ళు తిరిగేవి, నావి విరిగిన ముక్కలతో సహా డబ్బాలో ఇంట్లో ఉండేవి. మామ దుకాణం ముందు ఒక తట్టలో లచ్చవ్వ సకినాలు పెట్టాడు. రెండేళ్ళు తిరిగేసరికి బజారులో వాటికి పేరు పడింది. "ఎర్రకుంట సకినాలు ఉన్నయా?" అని వచ్చి అడిగేవాళ్ళు. నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని. సిద్దిపేటలో పుట్టి, రెండు భాషల్లో చదవగలిగిన నా పేరు మీద ఏమీ లేదు. పాతిక ఇళ్ళు కూడా లేని ఊరికి పేరు వచ్చింది! నా సొంత బిడ్డ కూడా నేను చేసింది పక్కకు నెట్టి, చిన్నమ్మ సకినమే కావాలని ఏడ్చేది. ఒకసారి దాని వీపు మీద ఒక్కటిచ్చాను. ఎందుకు కొట్టానో దానికి తెలియలేదు. నాకు తెలుసు.

మా మరిది, అంటే లచ్చవ్వ పెనిమిటి, బొంబాయిలో బట్టల మిల్లులో పనిచేసేవాడు. ఏడాదికోసారి వచ్చి పోయేటప్పుడు ఒక డబ్బా నిండా సకినాలు తీసుకుపోయేవాడు. ఉత్తరాలు తెలుగులో రాసేవాడు. లచ్చవ్వకు చదవడం రాదు కదా. ఆ ఉత్తరాలు ఎవరు చదివి వినిపించాలి? నేనే. "లచ్చవ్వా, నీ సకినాలు తింటుంటే మన ఇల్లు యాదికొస్తున్నది. మిల్లుల అందరు నీ చెయ్యిని మెచ్చుకుంటున్రు." ఇదంతా నా నోటితో, పైకి, ఒక్కో అక్షరం. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతూ వినేది. ఇంకోసారి చదవమనేది. చదివేదాన్ని.

నా పెనిమిటి ఒక్క గోడ అవతలే ఉండేవాడు, రోజూ. అట్లాంటి మాట నాతో ఒక్కటి అనలేదు. ఆయన చెడ్డవాడు కాదు, మాటలు రాని మనిషి. అయినా నేను ఎవరిని చూసి కుళ్ళుకుంటున్నాను? మొగుడు ఏడాదికి పదిహేను రోజులు మాత్రమే ఇంట్లో ఉండే ఆడదాన్ని చూసి. ఈ సంగతి అప్పుడు తోచిందా? తోచింది. తోచినా ఆగలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఆ సంగతి జరిగింది. ఓడలు మళ్ళీ కదిలాయి. రంగూన్‌లో, ఆఫ్రికాలో పనిచేసే మన తెలుగువాళ్ళకు ఇక్కడి తిండి పంపితే బాగా పోతుందని బొంబాయి సేటు ఒకడు లెక్క వేసుకున్నాడు. మిల్లులో మా మరిది పెట్టిన సకినం తిని, దీన్నే డబ్బాల్లో పెట్టి పంపుతానన్నాడు. అదే సమయంలో సర్కారువాళ్ళు బయటి దేశాల వర్తకులతో బేరాలు మాట్లాడుతున్నారట. మన రాజ్యపు సరుకుల పేర్లు ఇంకెవరో వాడుకోకుండా ఒక పట్టీ తయారు చేస్తున్నారు. సేటు వెంట ఒక ఆఫీసరు వస్తాడని, ఇంటి దగ్గరే చూసి రాసుకుంటాడని కబురు వచ్చింది.

ఆ కబురుతో లచ్చవ్వ మనిషే మారిపోయింది. మాట్లాడని మనిషి గలగలా మాట్లాడింది. ఆ ఏడు ఎర్రకుంటలో వానలు లేవు. ఉన్న కొద్ది ధాన్యం లెవీ కింద సర్కారు తీసుకుపోయింది. సేటు పని మొదలుపెడితే ఊళ్ళో ఇంటింటికీ సకినాలు చుట్టే పని దొరుకుతుందని వాళ్ళ అవ్వకు, ఊరి ఆడవాళ్ళకు మాట ఇచ్చి వచ్చింది. ఇంకొకటి నాకు మాత్రమే చెప్పింది. "సరుకు పంపుడు, లెక్క సూసుకునుడు ఒక మనిషి ఉండాలె గద అక్కా. ఆయన బొంబాయి ఇడిసిపెట్టి వస్తనన్నడు. ఇగ ఇక్కడనే ఉంటడు." ఇట్లా చెబుతూ నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళకు ఇంకా పిండి ఉంది.

ఆ చెయ్యి విదిలించుకోలేదు. మంచిదే కదా అన్నాను. లోపల మాత్రం ఒకటే అనుకున్నాను. చేతికి పేరు, ఊరికి పేరు, ఇప్పుడు మొగుడు కూడానా? ఇంక నాకు ఏం మిగులుతుంది?

వాళ్ళు పొద్దున్నే వచ్చారు. నా పెనిమిటి సరుకు కోసం వరంగల్ పోయి ఉన్నాడు. మామకు అప్పటికే చెవులు సరిగా వినబడవు. ఆఫీసరు పట్నం మనిషి, తెలుగు ముక్క రాదు. మంచివాడు. లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు. మేమిద్దరం గడప లోపల తలుపు చాటున నిలబడ్డాం. ఈ ఇంట్లో ఉర్దూ వచ్చినవాళ్ళు ఎవరని అడిగాడు. మామ నన్ను చూపించాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు నా చదువు అవసరం పడింది. అదీ లచ్చవ్వ కోసం.

ఆయన నెమ్మదిగా అంతా వివరించాడు. పట్టీలో ఊరి పేరుతో ఎక్కిన సరుకును ఆ ఊరి నుంచే కొనాలి. ఇంకెక్కడో చేసి ఆ పేరు అంటిస్తే రేవులోనే ఆపేస్తారు. అదే రకం పేరైతే ఎవరైనా చేసుకోవచ్చు, ఎవరైనా అమ్ముకోవచ్చు. ఇంత విడమరచి చెప్పిన తర్వాత నాకు అర్థం కాలేదని అనడానికి లేదు. నాకు అర్థమైంది. అందరికంటే బాగా అర్థమైంది.

కాగితం తీసి అడిగాడు. "ఎర్రకుంట. గాఁవ్ కా నామ్ హై, యా కిస్మ్ కా?"

ఊరి పేరా, రకం పేరా?

లచ్చవ్వ నా మోచెయ్యి తట్టింది. "ఏమడుగుతుండక్కా సాబు?"

"రంగు ఎట్లుంటదని అడుగుతుండు," అన్నాను.

"మేము ఎర్రగ కానియ్యమని చెప్పక్కా. తెల్లగున్నప్పుడే తీస్తం. ఎర్రగైతె మాడు వాసన వస్తది. గట్లనే చెప్పు."

నేను ఆఫీసరు వైపు తిరిగాను. ఎర్ర అంటే లాల్ అని చెప్పాను. కుంట అంటే గుండ్రంగా ఉండేది అన్నాను. ఎర్రగా వేగిన గుండ్రటి పిండివంట కాబట్టి ఆ పేరు. కిస్మ్ కా నామ్ హై సాబ్.

ఊరిని రంగు చేశాను. సగం నిజంతోనే చేశాను. ఎర్ర అంటే ఎరుపే కదా, అందులో తప్పేముంది?

ఆయన పళ్ళెంలోంచి ఒక సకినం తీసి చూశాడు. ఇవి తెల్లగా ఉన్నాయే అన్నాడు. అది నాకు దొరికిన రెండో అవకాశం. పొరపాటు పడ్డాను సాబ్ అని ఉంటే సరిపోయేది. నేను ఏమన్నానో తెలుసా? ఇవి మీకోసం తొందరగా తీసినవి, అసలువి ఎర్రగానే ఉంటాయి అన్నాను. నా గొంతు వణకలేదు. ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే.

సేటు అరుగు చివర కూర్చొని ఉన్నాడు. వారం కిందటే బండి కట్టించుకొని ఎర్రకుంట పోయి చూసి వచ్చిన మనిషి. ఊరు ఉందని ఆయనకు తెలుసు. తలుపు వైపు ఒక్కసారి చూశాడు. మీసం కింద చిన్నగా నవ్వి, ఇంకో సకినం తీసుకొని తిన్నాడు.

కాగితం లోపలికి వచ్చింది. ఊరా, రకమా అనే గడిని నన్నే నింపమన్నాడు ఆఫీసరు. మా బాపు నేర్పిన అక్షరాలతో, అందంగా, కిస్మ్ అని రాశాను. కింద చేసేవాళ్ళ వేలిముద్ర కావాలి. లచ్చవ్వ బొటనవేలు పిండితో తెల్లగా ఉంది. కొంగుకు తుడుచుకుంది. నేనే ఆ వేలు పట్టుకొని సిరాలో అద్ది, నేను రాసిన మాట కింద ఒత్తాను.

"మా ఊరి పేరు చెప్పినవా అక్కా?" అని అడిగింది, ముఖం వెలిగిపోతుండగా.

"చెప్పిన," అన్నాను.

చెప్పాను కదా. ఆ మాట అబద్ధం కాదు. ఇట్లాంటి సాకులు నా దగ్గర చాలా ఉండేవి. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే అరిగిపోయాయి.

రెండు మూడు నెలలకు కాగితం వచ్చింది. ఎర్రకుంట సకినాలు అనేది రకం పేరు, ఎవరైనా వాడుకోవచ్చు అని ఉంది. సేటు బండి మళ్ళీ రాలేదు. బొంబాయిలోనే ఎక్కడో మనుషుల్ని పెట్టి చేయించుకుంటున్నాడని మరిది ఉత్తరం రాశాడు. మిల్లు పని వదలలేనని కూడా రాశాడు. అదీ నేనే చదివాను. ఈసారి ఇంకోసారి చదవమని ఆమె అడగలేదు.

వాకిట్లో కూర్చొని, నన్ను అడిగింది. "నేను ఏమన్న తప్పు చెప్పిన్నా అక్కా? మా ఊరోళ్ళకు ఏం చెప్పాలె?"

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. నేను చేసిన పనుల్లో ఇది అన్నిటికంటే హీనమైనది, కాగితం మీద రాసిన దానికంటే కూడా. నేను అన్నాను, "నువ్వు రంగు సంగతి సరిగ చెప్పలే లచ్చవ్వా. సాబుకు నమ్మకం కలగలే."

నమ్మింది. నా మాట ఎందుకు నమ్మదు? ఆ ఇంట్లో ఏ కాగితంలో ఏముందో ఆమెకు చెప్పేది నేనే. మరునాడు ఎర్రకుంట పోయి, తన నోటి వల్లనే పోయిందని అందరి ముందు ఒప్పుకుంది. చెయ్యని తప్పు అంత తేలిగ్గా ఒప్పుకుంది ఆమె. వానలు లేక, గింజలు లేక ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? నానా మాటలన్నారట. వాళ్ళ అవ్వ కూడా అన్నదట. ఆ తర్వాత లచ్చవ్వ పుట్టింటికి పోవడం తగ్గించింది, కొన్నాళ్ళకు మానేసింది. సకినాలు చుట్టడం కూడా మానేసింది. వేళ్ళు నొప్పి అనేది.

అత్త ఆ చలికాలం నా సకినాలే గంపలో పెట్టి చుట్టాలకు పంపింది. బాగున్నాయని కబుర్లు వచ్చాయి. నాకు కావలసింది అదే కదా? గంపలో నావి ఉండడం, బజారులో ఆమె పేరు వినబడకపోవడం. రెండూ దొరికాయి. ఆ పూట నేను అన్నం తినలేకపోయాను. పశ్చాత్తాపం అని మీరు అనుకుంటే పొరపాటు. ఒట్టి భయం. తెలిసిపోతుందేమోనని.

తర్వాత రాజ్యమే మారింది. ఆ పట్టీలు, ఆ దస్త్రాలు ఏ గదిలో చెదలు తిన్నాయో తెలియదు. మా మరిది ముసలితనంలో దగ్గుతో ఇంటికి వచ్చాడు, కొన్నాళ్ళకే చనిపోయాడు. అత్త, మామ, నా పెనిమిటి కూడా పోయారు. ఇప్పుడు ఈ ఇంట్లో పాతవాళ్ళం ఇద్దరమే, నేనూ లచ్చవ్వా. పొద్దున ఆమె నాకు చాయ్ పెడుతుంది. మోకాళ్ళకు నూనె రాస్తుంది. అక్కా అనే పిలుస్తుంది.

అంతా మరిచిపోయామనుకున్నాను. పోయిన నెల మనుమరాలు బస్టాండు దగ్గర దుకాణంలో ఒక పొట్లం కొనుక్కొచ్చింది. పైన తెలుగులో అచ్చు వేసి ఉంది, ఎర్రకుంట సకినాలు అని. లోపల ఎర్రగా ఉన్నాయి. కారం కలిపి, రంగు కలిపి, కుడి వైపు చుట్టినవి. ఎర్రకుంట సకినాలంటే ఎర్రటివే కదా నాయనమ్మా, అందరికీ తెలుసు అన్నది మనుమరాలు. నేను ఆఫీసరుకు చెప్పిన అబద్ధం ఇన్నేళ్ళు తిరిగి తిరిగి నిజమై ఇంటికి వచ్చింది.

లచ్చవ్వ పొట్లం చేతిలోకి తీసుకుంది. చూపు తగ్గింది, అయినా వేళ్ళతో తడిమి చుట్టు ఎటు తిరిగిందో చూసింది.

"పైన ఏం రాసిందక్కా?"

చదివాను.

"గది మా ఊరి పేరేనా?"

అదే ప్రశ్న. అప్పుడు ఆఫీసరు అడిగాడు, ఇప్పుడు ఆమె అడిగింది. మనుమరాలు పక్కనే ఉంది. నా గొంతు ఈసారి వణికింది.

"మీ ఊరి పేరే," అన్నాను.

ఆమె ముఖం వెలిగింది, ఆ రోజు వెలిగినట్టే. అంతలోనే చేతిలో ఉన్నదాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. "మరి ఎర్రగెందుకున్నయి అక్కా? మేము ఎర్రగ ఎన్నడు చెయ్యలే గద."

నేను లేచి లోపలికి పోయాను. పొయ్యి మీద పాలున్నాయన్నాను. పాలు లేవు.

ఇది చదివాక మీరు నన్ను క్షమించాలని అడగను. ఆ పని మీది కాదు. ఆమెకు చెబుతానా? తెలియదు. చెబుతానని రాస్తే అది ఇంకో అబద్ధం కావచ్చు, నన్ను నేను నమ్మను. ఆమె వాకిట్లో కూర్చొని ఉంది. ఆ పొట్లం ఇంకా తీసి పెట్టుకుంది, ఊరి పేరు ఉందని. సకినాలు అయిపోయిన ఒట్టి పొట్లం. చదవడం రాదు, అయినా మడత పెట్టి కొంగున కట్టుకుంది.

నేను చేయగలిగింది ఒకటి ఉంది. ఆ రోజు నింపిన గడిని మళ్ళీ నింపగలను. అదే చెయ్యి, అవే అక్షరాలు. ఇదిగో, రాస్తున్నాను.

గాఁవ్ కా నామ్ హై సాబ్. ఎర్రకుంట ఊరి పేరు. అక్కడి సకినాలు తెల్లగా ఉంటాయి.